వానాకాలంలో ఓరల్ ఫిల్ములు వేళ్లకు అంటుకుంటున్నాయి, పాలిమర్ మార్చాలా?

ప్రశ్న అడిగినమ్మాయి భీమవరం వైపు ఎం.ఫార్మసీ చదువుతున్నారు. వాంతులు ఆపే మందు ఒండాన్‌సెట్రాన్‌తో నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఫిల్ములు చేస్తున్నారు. ఫార్ములాలో ఫిల్మును కట్టే పాలిమర్ హెచ్‌పీఎంసీ ఈ5, దాని బరువులో 25 శాతం గ్లిజరిన్, కొద్దిగా సిట్రిక్ యాసిడ్, తీపికి సుక్రలోజ్ ఉన్నాయి. జనవరిలో చేసినవి గాజు కాగితంలా వచ్చాయట. అదే ఫార్ములాతో జులైలో చేస్తే వేళ్లకు అంటుకుంటున్నాయి, ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోతున్నాయి. హెచ్‌పీఎంసీ వదిలేసి పులులాన్ అనే ఇంకో పాలిమర్‌తో చేయమని గైడ్ గారు చెప్పారు. దాని ధర చూసి ఆగిపోయి ఇక్కడ అడిగారు.

మార్చొద్దండి. పులులాన్ మంచి పాలిమరే. శాకాహారం, రంగు లేకుండా మెరుస్తుంది, నాలుక మీద ఇట్టే కరుగుతుంది. 2001లో వచ్చిన లిస్టరిన్ పాకెట్‌ప్యాక్స్, అదే నోటి వాసనకు వాడే ఫిల్ములు, దానితో చేసినవే. కానీ మీ ఇబ్బంది తేమతో. ఆ విషయంలో పులులాన్ హెచ్‌పీఎంసీ కంటే తడిని ఎక్కువ పట్టుకుంటుంది. ఖాళీ క్యాప్సూళ్లనే చూడండి. హెచ్‌పీఎంసీ క్యాప్సూల్‌లో నీరు మామూలుగా 4 నుంచి 6 శాతం ఉంటే, పులులాన్ క్యాప్సూల్‌లో 10 నుంచి 15 శాతం ఉంటుంది. అంత డబ్బు పోసి కొని తెచ్చినా ముసురు పట్టిన రోజున మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

మీరు మార్చాల్సినవి మూడు: గ్లిజరిన్ మోతాదు, ఆరబెట్టడం ఎక్కడ ఆపాలో తేల్చుకునే పద్ధతి, ఓవెన్‌లోంచి తీసిన ఫిల్ము కవర్లో పడేదాకా గాలిలో ఉండే సమయం. మూడోది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నా అనుభవంలో ఎక్కువ బ్యాచ్‌లు పాడైంది అక్కడే.

నేను పదహారేళ్లు హైదరాబాద్‌లో ఫార్ములేషన్ పని చేసి, ఆరేళ్ల కిందట ఇటు వచ్చేశాను. మా ఊరు ఆత్రేయపురానికి దగ్గర. ఈ ఫిల్ముల సంగతి నాకు సగం పుస్తకాల్లో అర్థమైతే, మిగతా సగం మా పిన్ని పూతరేకులు వేసే పాకలో అర్థమైంది.

ఇది పోలిక కోసం చెప్పడం లేదు, రేకు నిజంగా పిండిపదార్థంతో చేసిన ఫిల్మే. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది, కింద ఎండు కొబ్బరాకుల మంట. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి పాలలా పల్చగా ఉంటుంది. గుడ్డ ముక్కను అందులో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, కుండ వీపు మీద పరిచి లాగేస్తారు. గుడ్డ దాటిన చోట సన్నటి పొర మిగిలి, చూస్తుండగానే తెల్లబడి అంచు లేస్తుంది. ఆ పొడి రేకును అలాగే మడవబోతే పటుక్కున విరుగుతుంది. అందుకే నెయ్యి రాసే ముందు తడిగుడ్డతో కాస్త అద్దుతారు. వెంటనే అది పాత నూలు బట్టలా మెత్తబడి, ఎటు వంచితే అటు వంగుతుంది. అదే తడి పిసరంత ఎక్కువైతే రేకు ముద్దయి వేళ్లకు వచ్చేస్తుంది. పిన్నికి ఆ కొలత చేతిలో ఉంది. వాన రోజుల్లో గుడ్డను ఇంకా గట్టిగా పిండి అద్దేది.

మీ ఫిల్ములో గ్లిజరిన్ చేసేది ఆ తడిగుడ్డ పనే. పాలిమర్ గొలుసుల మధ్య చేరి, వాటి పట్టు సడలించి, ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. దాన్నే ప్లాస్టిసైజర్ అంటున్నాం. నీరు కూడా అదే పని చేస్తుంది, గ్లిజరిన్ కంటే బలంగా చేస్తుంది. పైగా గ్లిజరిన్ గాలిలోంచి నీటిని లాక్కుంటుంది. అంటే జులైలో మీ ఫార్ములాలో రెండో ప్లాస్టిసైజర్ చేరుతోంది, మీరు తూకం వేయనిది. జనవరిలో 25 శాతం గ్లిజరిన్ సరిపోయిందంటే, అప్పుడు గాలి ఇచ్చిన నీరు తక్కువ కాబట్టి. సిట్రిక్ యాసిడ్ కూడా తడికి లొంగేదే. లాలాజలం ఊరడానికి కొద్దిగా చాలు. తీపి కోసం సార్బిటాల్ వేసేవాళ్లూ ఉన్నారు, అది కూడా ప్లాస్టిసైజర్‌గా పనిచేస్తుంది. ఇవన్నీ కలిపి లెక్కేసుకోండి.

ఇప్పుడు ఓవెన్ సంగతి. 45 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఆరబెట్టామని రాశారు. గంటల లెక్క మన డెల్టాలో పనికిరాదు. ఓవెన్‌లోకి వెళ్లేది మీ గదిలో గాలే కదా. జులైలో గది 30 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకోండి. ఆ గాలే 45 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ దాదాపు 38 శాతానికి దిగుతుంది. జనవరిలో 25 డిగ్రీలు, 60 శాతం ఉన్న గాలి అదే ఓవెన్‌లో 20 శాతానికి దిగుతుంది. ఓవెన్ మీద అంకె రెండు రోజులూ 45 అనే చూపిస్తుంది. కానీ ఫిల్ము ఆగే చోటు వేరు. జనవరి ఫిల్ము బాగా పొడిగా బయటికి వచ్చింది, జులై ఫిల్ము సగం తడితోనే వచ్చింది. వచ్చాక 85 శాతం తేమ ఉన్న బల్ల మీద చల్లారుతూ ఇంకా తాగింది.

అందుకని గంటలు కాదు, బరువు చూడండి. ద్రావణం పోసి ఫిల్ము ఆరబెట్టే పెట్రీ డిష్ (చదునైన గాజు గిన్నె) ఖాళీ బరువు ముందే రాసుకోండి. ఆరుతున్నప్పుడు ఐదో గంట నుంచి అరగంటకోసారి తూయండి. మీరు వేసిన ఘన పదార్థాల మొత్తం ఎంతో మీకు తెలుసు, దాని మీద మిగిలినదంతా నీరే. నేను ఫిల్ములో నీరు 4 నుంచి 6 శాతం మధ్యకు వచ్చాక ఆపుతాను. మూడు కంటే కిందికి వెళ్తే అంచులు పగులుతాయి, ఎనిమిది దాటితే మీరు చూస్తున్న జిగురే. ఉదాహరణకు డిష్‌లో ఘన పదార్థం 600 మి.గ్రా. ఉంటే, 625 నుంచి 638 మి.గ్రా. మధ్య తూగినప్పుడు తీసేయాలి. తొందరపడి ఓవెన్ వేడి పెంచకండి. పై ముఖం ముందే ఆరి చర్మంలా కట్టేస్తుంది, లోపలి నీరు బయటికి రాలేదు. కుంచించుకున్న ఆ పై ముఖమే అంచుల్ని పైకి లాగుతుంది.

తీశాక డిష్‌ను తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (గాలి చొరబడని గాజు పాత్రలో) పెట్టి చల్లార్చండి. సిలికా జెల్ నీలం రంగుదైతే గులాబీకి తిరిగిందేమో చూసుకోండి. ఓవెన్‌లో కాల్చి మళ్లీ నీలానికి తెచ్చుకున్నాకే వాడాలి. కోసేది, కవర్లో పెట్టేది ఏసీ గదిలో చేయండి. మీ కాలేజీలో ఏసీ ఉన్నది ఇన్‌స్ట్రుమెంట్ రూమ్ ఒక్కటే కావచ్చు, గంటసేపు బతిమాలుకోండి. గదిలో తేమ 40 నుంచి 50 శాతం ఉంటే హాయిగా పని సాగుతుంది. గాలిలో తేమ చూపే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొని బల్ల మీద పెట్టుకోండి. మీ ప్రాజెక్టులో అంత తక్కువ ఖర్చుతో అంత ఎక్కువ పని చేసే పరికరం ఇంకోటి ఉండదు.

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఒకచోట పైలట్ బ్యాచ్ చేశాం. ఫిల్ములు అద్భుతంగా వచ్చాయి, సాయంత్రానికి కోయడం అయింది. పౌచ్ మెషిన్ మర్నాడు కానీ ఖాళీ కాదన్నారు. కోసినవాటిని దొంతరలు పేర్చి, పాలిథీన్ సంచుల్లో కట్టి వెళ్లిపోయాం. రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ లైన్ మీద గదిలోని డీహ్యుమిడిఫయర్ లేదు. పొద్దున వెళ్లి సంచి విప్పితే వంద ఫిల్ముల దొంతర ఒకే దిమ్మగా ఉంది. బ్లేడుతో విడదీయబోతే పై ఫిల్ము కింద ఫిల్ము చర్మాన్ని పీక్కుని వచ్చింది. నెల రోజుల పని. పాలిథీన్ సంచి నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు. ఆపేది అల్యూమినియం. ఫిల్ముకు అల్యూమినియం పౌచ్ ఫార్ములాలో భాగమే, విడిగా ఒక్కోటి ఒక్కో పౌచ్‌లో పెట్టాలి. స్టెబిలిటీ పరీక్షకు, అంటే నిల్వలో పాడవకుండా ఉంటుందో లేదో చూడటానికి, 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు పెట్టేటప్పుడు కూడా ఆ పౌచ్‌తోనే పెట్టాలి. బటర్ పేపర్‌లో చుట్టి పెట్టి "ఫిల్ము స్థిరంగా లేదు" అని రాసిన థీసిస్‌లు చూశాను. అక్కడ స్థిరంగా లేనిది ఫిల్ము కాదు, చుట్టిన కాగితం.

మీ గ్లిజరిన్ ఎంత ఉండాలో తేల్చడానికి ఖరీదైన హ్యుమిడిటీ చాంబర్ అక్కర్లేదు. గాలి చొరబడని డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానిలో సోడియం క్లోరైడ్‌ను నీటితో చిత్తడిగా కలిపి అడుగున పోయండి. ఇంకొంచెం ఉప్పు కరగకుండా మిగిలి కనిపించాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. రెండోదానిలో మెగ్నీషియం క్లోరైడ్ చిత్తడి పోస్తే 33 శాతం దగ్గర నిలబడుతుంది. పైన జల్లెడ లాంటిది పెట్టి ఫిల్ములు దాని మీద ఉంచండి. ల్యాబ్ గ్రేడ్ ఉప్పే వాడాలి. కళ్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి. వానాకాలంలో కళ్లుప్పు జాడీ నీరు కారేది వాటివల్లే, అవి ఉంటే మీ 75 కిందికి జారిపోతుంది.

33 శాతం డబ్బాలో ఒక రాత్రి ఉంచిన ఫిల్ము మడిస్తే విరగకూడదు. 75 శాతం డబ్బాలోంచి తీసిన రెండు ఫిల్ములు ఒకదానికొకటి ఆనించి వేలితో నొక్కితే, మళ్లీ చినగకుండా విడిపోవాలి. మొదటిది తప్పితే ప్లాస్టిసైజర్ తక్కువ, రెండోది తప్పితే ఎక్కువ. నేనైతే మీ గ్లిజరిన్ తీసేసి, పెగ్ 400ను (పాలీఇథిలీన్ గ్లైకాల్, ఇదీ ప్లాస్టిసైజరే) పాలిమర్ బరువులో 15 శాతంతో మొదలుపెడతాను. అది గ్లిజరిన్ అంత ఆబగా నీరు లాగదు. 10, 15, 20 శాతాలు ఒక వైపు, మిగిలిన నీరు 3, 5, 7 శాతాలు ఇంకో వైపు పెడితే తొమ్మిది బ్యాచ్‌లు. మీ గైడ్ గారు ఎలాగూ ఫ్యాక్టోరియల్ డిజైన్, అంటే ఇలా రెండు అంశాలను (ఫ్యాక్టర్లను) అన్ని జతల్లో మార్చి చూసే ప్రణాళిక, అడుగుతారు కదా. అందరూ రెండో ఫ్యాక్టర్‌గా పాలిమర్ మోతాదు పెడతారు. మీరు నీటిని పెట్టండి. గోదావరి జిల్లాల్లో కూర్చుని చేసేవాళ్లకు అంతకంటే ముఖ్యమైన ఫ్యాక్టర్ లేదు.

ఫోల్డింగ్ ఎండ్యూరెన్స్, అంటే విరిగేదాకా ఒకే చోట మడిచిన లెక్క, 300 దాటిందని రాశారు. ఆ అంకె పక్కన ఆ పూట గది తేమ కూడా రాయండి. తడి ఫిల్ము ఎన్నిసార్లు మడిచినా విరగదు, అది బలం కాదు. ఫిల్ము విడిపోయేందుకు పట్టే డిసింటిగ్రేషన్ టైమ్ కూడా అంతే. జిగటగా ఉన్నది పది సెకన్లలో విడిపోయిందని సంతోషపడొద్దు.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మీ లెక్కలో ఒక పొరపాటు కనిపించింది. 9 సెం.మీ. డిష్ విస్తీర్ణం 63.6 చ.సెం.మీ., ఫిల్ము 2×3 కాబట్టి 6 చ.సెం.మీ., అంటే డిష్‌కు 10.6 ఫిల్ములు. ఫిల్ముకు 4 మి.గ్రా. చొప్పున 42.4 మి.గ్రా. మందు తూచారు. మీ సీసా మీద ఉన్నది ఒండాన్‌సెట్రాన్ హైడ్రోక్లోరైడ్ డైహైడ్రేట్. డోసు చెప్పేది బేస్ లెక్కలో, అంటే లవణంలోని ఆమ్లం, నీరు తీసేస్తే మిగిలే అసలు మందు లెక్కలో. 4 మి.గ్రా. బేస్‌కు ఈ లవణం 5 మి.గ్రా. కావాలి. అంటే తూచాల్సింది 53 మి.గ్రా. మీ అస్సే (ఫిల్ములో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష) 80 శాతం దగ్గర తిరుగుతోందని, మందు డిష్‌కు అంటుకుని పోతోందేమో అని రాశారు. ఎక్కడికీ పోలేదండి, మొదటే తక్కువ పడింది. డిష్ లోపలి వ్యాసాన్ని కూడా వెర్నియర్‌తో కొలవండి. 90 అని రాసి ఉన్నవి లోపల 88 మి.మీ. కూడా ఉంటాయి. డిష్ పెట్టిన ఓవెన్ అరను స్పిరిట్ లెవెల్‌తో సరిచూడండి. ఒక పక్క వాలితే ఆ పక్క ఫిల్ము మందం, ఆ ముక్కలో మందు ఎక్కువ.

హెచ్‌పీఎంసీ ఉండలు కడుతోందన్నారు. చల్లటి నీళ్లలో నేరుగా పోస్తే కడుతుంది, పైపొర తడిసి జిగురై లోపలి పొడిని మూసేస్తుంది. మూడో వంతు నీటిని 80 డిగ్రీల దాకా కాచి, అందులో పొడి చల్లుతూ కలపండి. వేడి నీళ్లలో అది కరగదు, విడివిడిగా తడుస్తుంది. తర్వాత మిగతా నీటిని చల్లగా పోస్తే చక్కగా కరుగుతుంది. రాత్రంతా మూతపెట్టి వదిలేస్తే బుడగలు వాటంతటవే పోతాయి.

చేదు గురించి: సుక్రలోజ్ ఒక్కటే సరిపోదు. మందును పట్టి ఉంచే, నీటిలో కరగని రెజిన్‌తో కట్టి చేదు తగ్గించే దారి ఉంది. కానీ బలహీన ఆమ్ల రకం రెజిన్ వాడితే అదే ఫిల్ములో సిట్రిక్ యాసిడ్ పెట్టకండి. ఆ ఆమ్లం మందును రెజిన్ నుంచి విడిపించేస్తుంది, చేదు తిరిగొస్తుంది. పీహెచ్ పెంచి చేదు తగ్గిద్దామంటే ఈ మందు బేస్‌గా విడిపోయి ఫిల్ములో తెల్లటి చుక్కలు కడుతుంది. పుదీనా రుచి, చల్లదనం కొంత కాపాడతాయి. నేను అక్కడే మొదలుపెడతాను.

మీ పరిచయ అధ్యాయంలో ఒక వాక్యం తీసేయమని కూడా బతిమాలుతున్నాను. "ఫిల్ము నోటి పొర ద్వారా నేరుగా రక్తంలోకి వెళ్లి లివర్‌ను తప్పించుకుంటుంది, కాబట్టి త్వరగా పనిచేస్తుంది" అని రాశారు. త్వరగా కరగడం వేరు, త్వరగా పనిచేయడం వేరు. ముప్పై సెకన్లలో కరిగిన మందులో ఎక్కువ భాగం లాలాజలంతో మింగేస్తాం, అది మాత్ర వెళ్లిన దారినే వెళ్తుంది. 2010లో అమెరికాలో అనుమతి వచ్చిన జుప్లెంజ్ మీ మందే, మీ తరహా ఫిల్మే. నోట్లో కరిగే మాత్రతో సమానంగా పనిచేస్తుందని చూపించి అనుమతి తెచ్చుకున్నారు, ఎక్కువ అని కాదు. అదే ఏడాది వచ్చిన, ఓపియాయిడ్ మందుల వ్యసనానికి వాడే సుబాక్సోన్ ఫిల్ము కథ వేరు. అందులోని బుప్రెనార్ఫిన్ మింగితే దాదాపు వృథా. అందుకే దాన్ని నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా మింగకుండా ఉండమంటారు. ఈ రెండింటినీ కలిపి రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

అలాగని మీ పని విలువ తగ్గదు. వాంతులతో నీళ్లు కూడా నిలవని మనిషికి గ్లాసు నీళ్లు అక్కర్లేని మందు ఎంత పెద్ద ఊరటో మా ఇంట్లోనే చూశాను. కీమో రోజుల్లో మా అత్తయ్య మాత్ర గొంతు దిగకముందే కక్కేసేది. మళ్లీ వేయాలా వద్దా అన్నది మాకు తెలిసేది కాదు. కానీ ఆవిడ నోరు ఎప్పుడూ పిడచకట్టుకుని ఉండేది, ఆ సంగతీ మరవలేను. ఫిల్ముకు నీళ్లు అక్కర్లేదు కానీ లాలాజలం కావాలి. ఎండిన నోట్లో అది అంగిలికి అతుక్కుని అలాగే ఉండిపోతుంది. మీరు 25 మి.లీ. బఫర్ (పీహెచ్ నిలకడగా ఉండే ద్రావణం) పోసిన గిన్నెలో డిసింటిగ్రేషన్ చూస్తున్నారు. ఒక్క బ్యాచ్‌కైనా, గాజు పలక మీద ఫిల్ము పరిచి రెండు మూడు చుక్కల బఫర్ మాత్రమే వేసి ఎంతసేపటికి విడుతుందో చూడండి. ఆ అంకె అత్తయ్య లాంటివాళ్ల నోటికి దగ్గరగా ఉంటుంది.

జులైలో పాడైన బ్యాచ్‌లు పారేయకండి. తేదీ, గది తేమ, ఫిల్ము బరువు రాసి జనవరివాటి పక్కన పట్టికలో పెట్టండి. పెగ్ 400తో మొదటి తొమ్మిది బ్యాచ్‌ల బరువులు వచ్చాక ఇక్కడే పెడితే, ఏది ముందుకు తీసుకెళ్లాలో కలిసి చూద్దాం.